పేలిన ఫోను పక్కన ఏ చార్జర్ ఉందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక మూలన ఆరేడు వరుసల వార్త వచ్చింది. రాత్రి మంచం మీద చార్జింగ్ పెట్టిన సెల్‌ఫోను పేలి పరుపు అంటుకుందని, ఇంట్లోవాళ్లు మేలుకొని నీళ్లు చల్లి ఆర్పారని, ఎవరికీ ఏమీ కాలేదని రాశారు. ఫోను ఏ కంపెనీదో రాశారు. కొని ఎన్నాళ్లయిందో రాశారు. దాన్ని ఏ చార్జర్‌కు తగిలించారో, మధ్యలో ఏ వైరు ఉందో, ఫోను దిండు కింద ఉందో పైన ఉందో మాత్రం రాయలేదు. ఆ వార్తలో నేను వెతుక్కున్నది అదే.

ఆ సాయంత్రానికల్లా అదే కంపెనీ ఫోను చేతబట్టుకొని నలుగురు నా అంగడికి వచ్చారు. ‘ఇది కూడా పేలుతుందా అన్నా?’ అని అందరిదీ ఒకటే ప్రశ్న. గార్లదిన్నె నుంచి వచ్చిన కుర్రాడైతే, కొని మూడు నెలలైనా నిండని ఫోనును ఎంతో కొంతకు అమ్మిపెట్టమన్నాడు. చార్జర్ చూపించమన్నాను. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లటి చిన్న డబ్బా. దాని మీద పేరు లేదు, ఒక్క అంకె లేదు. చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల ఏదో గలగలమంది. ఫోనుతో వచ్చిన చార్జర్ ఏమైందంటే చెల్లెలు వాడుకుంటోందన్నాడు. ఫోను నిక్షేపంగా ఉంది, ఈ డబ్బాను మాత్రం మళ్లీ గోడకు పెట్టవద్దని చెప్పి, దాన్ని నా దగ్గరే ఉంచుకొని పంపాను.

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గరగా ఒక సందులో నేను ఫోన్లు బాగుచేస్తాను. అంతకుముందు అదే అంగట్లో మా నాన్న రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. టంకం పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చార్జింగ్ దగ్గర చెడిపోయిన ఫోన్లను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాసే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. కొంచెం పొడుగైనా కత్తిరించకుండా వేయమని మనవి.

రెండు నెలల కిందట శింగనమల వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. బెంగళూరులో పనిచేసే మనవడు కొనిచ్చిన ఫోను. వెనక మూత బూరెలా ఉబ్బి, ముందు అద్దం ఒక పక్క లేచిపోయింది. ‘రుబ్బురోలు పొత్రం పెట్టి అదిమి చూశాను నాయనా, దిగలేదు’ అంది. నా గుండె ఝల్లుమంది. ఉబ్బిన బ్యాటరీలో ఉన్నది గాలి కాదు, లోపలి రసాయనం చెడి పుట్టిన వాయువు. దాన్ని అదిమితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే మంట లేవవచ్చు. ఫోను ఆపేసి, మెల్లగా మూత విప్పి, బ్యాటరీని బయట ఇసుక బక్కెట్టులో పెట్టిన తర్వాతే ఆమెతో స్థిమితంగా మాట్లాడగలిగాను.

పాత చార్జర్ వైరును ఎలుక కొరికిందట. సంతలో అరవై రూపాయలకు కొత్తది దొరికింది, కొనుక్కుంది. రాత్రిపూట ఫోను ఎక్కడ పెడతావు అవ్వా అని అడిగాను. ‘దిండు కిందే. వాడు డ్యూటీ దిగి పదకొండుకో పన్నెండుకో చేస్తాడు. నాకు చెవులు సరిగా వినపడవు. దిండు కింద ఉంటే అదురు తెలుస్తుంది’ అంది. ఇలాంటి ప్రమాదాలు జరిగినప్పుడు ‘అజాగ్రత్త’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ అవ్వది అజాగ్రత్త అంటే నేను ఒప్పుకోను. దిండు కింద వేడి బయటికి పోదన్న సంగతి, అరవై రూపాయల చార్జర్‌లో ఏముంటుందన్న సంగతి ఆమెకు చెప్పినవాళ్లే లేరు.

ఆ చార్జర్‌ను ఆమె ముందే పగలగొట్టాను. పక్కనే, పాడైపోయిన ఒక మంచి కంపెనీ చార్జర్‌ను కూడా విప్పి పెట్టాను. గోడలోని కరెంటు 230 వోల్టులు. చార్జర్‌లోకి వెళ్లి డీసీగా, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటుగా, మారేసరికి అది సుమారు 325 వోల్టులు అవుతుంది. ఫోనుకు మామూలుగా అందవలసింది 5 వోల్టులు. ఆ మూడు వందల ఇరవై అయిదుకూ ఈ అయిదుకూ మధ్య దాటరాని గట్టు ఒకటి ఉండాలి. మంచి చార్జర్ లోపలి సర్క్యూట్ పలకను వెలుతురుకు ఎత్తిపడితే ఆ గట్టు కంటికి కనిపిస్తుంది. ఇటువైపు రాగి గీతలు ఒకచోట ఆగిపోతాయి. అయిదారు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి అటువైపు గీతలు మొదలవుతాయి. కొన్నింటిలో ఆ ఖాళీలో పలకనే కోసి సందు చేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే రెండు చుట్ల మధ్య పసుపు పచ్చ టేపు పొరల మీద పొరలుగా ఉంటుంది. గట్టుకు అడ్డంగా నీలం రంగు బిళ్ల లాంటి కెపాసిటర్ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడైనా చెడిపోయినా, కరెంటుకు దారి ఇవ్వకుండా తెగిపోయేలా తయారుచేస్తారు.

అవ్వ చార్జర్‌లో ఆ ఖాళీ నా బొటనవేలి గోరు మందమైనా లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకే ఒక చుట్టు టేపు, అదీ ఒక చివర ముడుచుకుపోయి ఉంది. ఫ్యూజు లేదు. నీలం బిళ్ల ఉండవలసిన చోట రేడియోల్లో వేసే మామూలు బిళ్ల ఉంది. గోడకు పెట్టే పిన్నుల నుంచి పలకకు వచ్చే రెండు వైర్లలో ఒకదాని టంకం వదిలేసి, వైరు తగిలీ తగలకుండా వేలాడుతోంది. అది ఒక్క పిసరు పక్కకు జరిగితే గోడలోని కరెంటు నేరుగా ఫోను అంచుకు, అక్కడి నుంచి ఫోనును చెవికి ఆనించుకున్న మనిషికి వస్తుంది. పైన పటారం, లోన లొటారం. అవ్వ చాలాసేపు ఆ రెండు పలకలనూ మార్చి మార్చి చూసింది. ‘తెల్లగా ఉంటే మంచిదే అనుకున్నాను’ అంది.

చార్జింగ్‌లో ఉన్న ఫోను అంచును తాకితే వేళ్లకు సన్నగా జుమ్మని తగులుతోందని వారానికి ఒకరైనా నాతో అంటారు. మంచి చార్జర్లలో కూడా ఆ నీలం బిళ్ల గుండా కొద్దిపాటి కరెంటు వస్తుంది, అది హాని చేసేంత ఉండదు. కానీ పేరు లేని చార్జర్‌తో జుమ్మంటే దాన్ని ఆ మామూలు కరెంటే అనుకొని ఊరుకోకూడదు. గోడ స్విచ్ ఆపి చార్జర్ తీసేయాలి, దాన్ని మళ్లీ పెట్టకూడదు. తడి చేతులతో, చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి చార్జింగ్‌లో ఉన్న ఫోనులో మాట్లాడడం ఏ చార్జర్‌తోనూ మంచిది కాదు.

పల్లెల్లో ఇంకొక ప్రమాదం ఉంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగితే ఇళ్లలోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. మంచి చార్జర్ అలాంటప్పుడు తాను కాలిపోయి ఫోనును కాపాడుతుంది. చౌక చార్జర్ దెబ్బను అవతలికి పంపేస్తుంది. పిడుగుల వానలో ప్లగ్గు పీకేయమని మా నాన్న రేడియోలు తెచ్చినవాళ్లకు చెప్పేవారు, నేను ఫోన్లు తెచ్చేవాళ్లకు చెబుతున్నాను.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. అసలైన ప్రమాదాన్ని వదిలేసి, లేని ప్రమాదానికి భయపడేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. ‘మా ఫోనుకు 18 వాట్ల చార్జర్ వచ్చింది, మా అబ్బాయి 65 వాట్లది పెట్టేశాడు, కాలిపోతుందా?’ అని అడుగుతారు. కాలిపోదు. మన జిల్లాలో డ్రిప్పు పెట్టుకున్న రైతుకు ఇది చిటికెలో అర్థమవుతుంది. మోటారు ఎంత పెద్దదైనా, గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పరు చెట్టుకు నాలుగు లీటర్లే వదులుతుంది. ఆంపియర్ల సంగతి అంతే. చార్జర్ వాటిని ఫోనులోకి తొయ్యదు, ఫోను తనకు కావలసినంత తీసుకుంటుంది. ఎంత తీసుకోవాలో చూసుకునే ఐసీ, అంటే చిన్న చిప్పు, ఫోనులోనే ఉంటుంది. వోల్టులు వేరు, అవి పైపులో ప్రెషర్ లాంటివి, పెరిగితే పైపు పగులుతుంది. అందుకే టైప్-సి (ఎటు తిప్పి పెట్టినా దిగే కొత్త రకం పిన్ను) చార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఆ తర్వాత చార్జర్, ఫోను వైరు గుండా మాట్లాడుకుంటాయి. తన దగ్గర 9, 15, 20 వోల్టులు కూడా ఉన్నాయని చార్జర్ చెబుతుంది. ఫోను అడిగితేనే పెంచుతుంది. అడగకపోతే 5 దగ్గరే ఉండిపోతుంది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లది. నా ఫోను, మా ఆవిడ ఫోను దానితోనే చార్జింగ్ పెడుతున్నాం. ఏ ఇబ్బందీ లేదు.

అటు తిప్పినా ఇంతే. 67, 80, 120 వాట్లు అని రాసే కంపెనీలకు చాలావాటికి తమ సొంత పద్ధతి ఉంటుంది. వాటి చార్జర్, వాటి వైరు కలిస్తేనే ఆ వేగం వస్తుంది. అదే ఫోనును వేరే మంచి చార్జర్‌కు పెడితే నిదానంగా ఎక్కుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అరగంటలో నిండే ఫోను మూడు గంటలు తీసుకుందని కంగారుపడి నా దగ్గరికి తెచ్చినవాళ్ల దగ్గర నేను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

కంపెనీ వేరైతే ప్రమాదం అన్న భయాన్ని ఇంతగా ఎందుకు పోగొట్టాలంటే, ఇకమీదట అందరం చార్జర్లు మార్చి మార్చి వాడవలసిందే. చాలా కంపెనీలు ఫోను డబ్బాలో చార్జర్ పెట్టడం మానేశాయి. ఐఫోన్ కూడా 2023లో టైప్-సికి వచ్చింది. యూరప్ దేశాల కూటమిలో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నింటికీ అదే తప్పనిసరి చేశారు. ఇంటికి ఒక మంచి చార్జర్ ఉంటే నాలుగు ఫోన్లకు సరిపోతుంది. నాలుగు అరవై రూపాయల చార్జర్లు కొనే ఇల్లు ఆ డబ్బుకు ఇంకొంచెం వేసి ఒక్క మంచిది కొనుక్కోవచ్చు.

వైరు సంగతికి వస్తాను. నా బల్ల మీద బొటనవేలంత మీటర్ ఒకటి ఉంది. దాన్ని వైరు చివర, ఫోనుకు ముందు పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో చూపిస్తుంది. మొన్న ఉరవకొండ నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు కొత్త చార్జర్ కొన్నా ఫోను ఎక్కడం లేదన్నారు. ఆయన చార్జర్‌కే మూడు వైర్లు మార్చి చూపించాను. నా వైరుతో 5 వోల్టులు, 1.9 ఆంపియర్లు. ఆయన పాత వైరుతో 4.7 వోల్టులు, 1.2. బస్టాండు దగ్గర కొన్న కొత్త వైరుతో 4.4 వోల్టులు, 0.6. చార్జర్ అదే, ఫోను అదే. చివరి వైరును కోసి చూస్తే లోపల తల వెంట్రుకల్లాంటి నాలుగైదు పోగులు, గోకితే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. తగ్గిపోయిన ఆ వోల్టులు వైరులోనే వేడిగా ఖర్చయిపోతాయి. ఫోనులో పెట్టే కొసన పట్టుకుంటే ఆ వేడి తెలిసింది. ఆయన చార్జర్‌ను మార్చారు గానీ మార్చవలసింది వైరును.

చెడ్డ వైరు నిదానంగా ఎక్కించడంతో ఆగదు. ఒక పక్క పాత వెడల్పాటి పిన్ను, ఇంకో పక్క టైప్-సి ఉన్న వైర్లలో టైప్-సి కొసన 56 కిలోఓములు విలువగల చిన్న రెసిస్టర్ ఉండాలి. అవతల ఉన్నది మామూలు పోర్టు, ఎక్కువ లాగవద్దు అని అది ఫోనుకు చెబుతుంది. తప్పు విలువ వేస్తే అవతల మూడు ఆంపియర్లు ఉన్నాయని ఫోను నమ్మి, అంత ఇవ్వలేని పోర్టు నుంచి లాగుతుంది. గూగుల్‌లో ఇంజినీరు అయిన బెన్సన్ లియుంగ్ 2015 చివరి నుంచి ఇలాంటి వైర్లను సొంతంగా కొని ఒక్కొక్కటే పరీక్షించారు. 2016 ఫిబ్రవరిలో ఆయన పరీక్షించిన ఒక వైరులో ఆ రెసిస్టర్ తప్పుగా ఉండడమే కాక, ప్లస్, గ్రౌండు తీగలే తారుమారుగా ఉన్నాయి. పెట్టీ పెట్టగానే ఆయన ల్యాప్‌టాప్, దానితోపాటు పరీక్ష పరికరాలు పాడయ్యాయి. అలాంటి వైరును పైపైన చూస్తే అంతా బాగానే ఉంటుంది. మూడు ఆంపియర్లు దాటి మోసే టైప్-సి వైరులో ఒక చిన్న చిప్పు ఉండాలి, దాన్ని చదివిన తర్వాతే చార్జర్ అయిదు ఆంపియర్ల దాకా వదులుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌లకు, ఎక్కువ వాట్ల ఫోన్లకు వైరు కొనేటప్పుడు వాట్లు అడిగి కొనాలి.

చార్జింగ్ పిన్ను వదులైందని వచ్చేవాటిలో చాలావరకు పిన్ను బాగానే ఉంటుంది. జేబులోని దూది, మన ఎర్రమట్టి దుమ్ము కలిసి లోపల గట్టిపడి వైరును పూర్తిగా దిగనివ్వవు. ఫోను ఆపేసి, సన్నటి చీపురు పుల్లతో మెల్లగా తీస్తే వస్తుంది. గుండుసూది మాత్రం పెట్టకండి.

ఎండాకాలంలో మన ఊళ్లో మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ చేయకూడదు. రేకుల ఇంట్లో, బండి పెట్రోలు ట్యాంకు మీద సంచిలో, కారు అద్దం కింద ఫోను దగ్గర వేడి ఆ లెక్కను ఎప్పుడో దాటేస్తుంది. దిండు, దుప్పటి కూడా అంతే. పింగాణీ పళ్లెంలోనో, బండ నేల మీదనో పెట్టి చార్జింగ్ చేయమని నేను చెబుతున్నాను. అవ్వకు కూడా పళ్లెమే చెప్పాను. స్టీలు పళ్లెంలో పెట్టి మంచం పక్కన ఉంచుకుంటే అదురుకు పళ్లెం మోగి మెలకువ వస్తుందని ఆమే కనిపెట్టింది. ఇప్పుడు ఆమె దగ్గర మంచి చార్జర్ ఉంది కాబట్టి సరేనన్నాను, కింద మందపాటి గుడ్డ మాత్రం వేయవద్దన్నాను. పడుకునే ముందే చార్జింగ్ పూర్తి చేసుకొని వైరు తీసేయమని కూడా చెప్పాను.

ఒకవేళ అంటుకుంటే ముందు స్విచ్ ఆపాలి, అది అందకపోతే మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే నీళ్లు. మీ వార్తలో ‘నీళ్లు చల్లి ఆర్పారు’ అన్న మాటకు ముందు ఆ ఒక్క వాక్యం ఉంటే ఎంతో బాగుండేది. ఉబ్బిన బ్యాటరీని చెత్తకుండీలో వేయకండి, కాల్చకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. పాత బ్యాటరీలను తయారీదారులు వెనక్కి తీసుకొని రీసైక్లింగ్ చేయాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఇవ్వవచ్చు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందటి వరకు నేను కూడా పేరు లేని చార్జర్లు అమ్మాను. పెట్టెకు వంద వచ్చేవి, ఒక్కొక్కదాని మీద మిగిలేది బాగుండేది. మా వీధిలోనే పదో తరగతి చదివే పిల్లవాడు నా దగ్గర కొన్న చార్జర్‌తో షాక్ కొట్టి మంచం మీది నుంచి ఎగిరిపడ్డాడు. చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకొని, నా మీద కోపం లేకుండా, ‘అన్నా, ఇది పనిచేయడం లేదు, వేరేది ఇస్తావా’ అని వచ్చాడు. ఆ రోజు పెట్టెలో మిగిలినవన్నీ పగలగొట్టాను. ఒక్కొక్కదాన్నీ విప్పి చూడడం అప్పుడే మొదలుపెట్టాను. తోటి అంగళ్లవాళ్లను నేను తిట్టడం లేదు. అడిగేవాళ్లు చౌకదే అడుగుతారు, మేము లేదంటే పక్క అంగట్లో కొంటారు. కానీ మనం అమ్ముతున్నది ఎవరి దిండు కిందికి వెళ్తుందో ఒక్కసారి తలచుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

కొనేవాళ్లకు గుర్తు చాలా సులభం. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉండాలని 2012లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం చార్జర్ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ అని దాని పక్కన ప్రమాణం సంఖ్య, ఇంగ్లిషు అక్షరం ఆర్, ఆ తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి. చాలా చార్జర్ల మీద ఆ ప్రమాణం 13252 అని ఉంటుంది. ఈ గుర్తును కూడా దొంగగా అచ్చు వేసేవాళ్లు ఉన్నారు. అందుకే ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకొని ఆ ఎనిమిది అంకెలు కొడితే, అది ఏ కంపెనీకి ఇచ్చిన నంబరో చూపిస్తుంది. డబ్బా మీది పేరు, యాప్‌లో పేరు కలవకపోతే అక్కడే వదిలేయండి. అంగట్లో నిలబడే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. అక్షరాలు మరీ చిన్నవి, ముసలివాళ్లకు కనిపించవు. మనవళ్లు, మనవరాళ్లు చదివి పెట్టాలి.

మీకు నా మనవి రెండే. ఫోను పేలిందన్న వార్త వచ్చినప్పుడు మీ విలేకరి చార్జర్ ఏది, వైరు ఏది, ఫోను ఎక్కడ పెట్టారు అని అడగాలి. తెలిసినంతవరకు రాయాలి, కాలిపోయి తెలియకపోతే తెలియలేదని రాయాలి. అలాగే ఒక ఆదివారం జిల్లా పేజీలో ఆ బీఐఎస్ గుర్తును పెద్దగా, పల్లెల్లో కత్తిరించి గోడకు అంటించుకునేంత పెద్దగా వేయాలి. ఫొటోకు మంచి చార్జర్, చెడ్డ చార్జర్ పలకలు రెండూ కావాలంటే అవ్వ ముందు విప్పినవి నా అంగట్లో ఒక గాజు సీసాలో పెట్టి ఉంచాను. గార్లదిన్నె కుర్రాడి చార్జర్ ఇంకా విప్పలేదు. మీ విలేకరి వస్తే ఆయన ముందే విప్పుతాను.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మెకానిక్,
అనంతపురం